బంగారు అక్షరం

సీఐ ఉమారాణి అంటే నాకు కుళ్ళు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే ఆ రోజు నేను చేసిన పని మీకు అర్థం కాదు. ఇద్దరం ఒకే ఏడు ఎస్సైలమయ్యాం. బ్యాచ్‌లో మమ్మల్ని ఇద్దరు రాణులనేవాళ్ళు. పరీక్షకు ఆమెకు లెక్కలు చెప్పింది నేను. పిల్లలు చిన్నవాళ్ళని నేను ఉద్యోగం వదిలి నిజామాబాద్‌లో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంటే, పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీ తప్ప వేరే కేసు నా గడప తొక్కలేదు. ఆమె సీఐ అయి టీవీలో కనబడుతుంది. మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళు నన్ను లిఫ్టులో ఆపి మరీ, "జ్యోతక్కా, మీ దోస్తు నిన్న టీవీల ఎంత మంచిగ మాట్లాడింది" అంటారు. నేను నవ్వుతాను. లోపల కడుపు భగ్గుమంటుంది.

అందుకే ఆ మధ్యాహ్నం గంగమణి అనే బీడీలు చుట్టే ఆమె నా ఆఫీసులోకి వచ్చి, తన కొడుకును సీఐ ఉమారాణి లోపలేసిందని ఏడుస్తూ చెప్పినప్పుడు, ఆ ఏడుపు కంటే ముందు ఆ పేరే నా చెవిన పడింది.

"సాయంత్రం కోర్టుకు తోలుకపోతరట మేడం," అంది గంగమణి. "ఒక్కసారి జైలుకు పోయిండంటే నా పోరని బతుకు ఆగమే. హైదరాబాద్ కంపెనీల నౌకరొచ్చింది. సోమారం చేరాలె. జైలుకు పోయినోన్ని ఎవలు తీసుకుంటరు?"

"నీ కొడుకు చేసిండా?"

"మా వాడు కోడిని కోస్తుంటే గూడ చూడడు."

తల్లులందరూ ఇదే మాటంటారు. కానీ కేసు వినేసరికి నా వీపు కుర్చీకి ఆనలేదు. బోధన్‌లో సాయిరాం అనే అతనికి కార్డుల షాపుంది. అచ్చు కార్డులు కాదు. ఫోన్లో వాళ్ళ వెబ్ పేజీ తెరిచి, పేరు కొట్టి, ఫొటో పెడితే క్షణంలో కార్డు తయారవుతుంది. పుట్టినరోజుకు పుట్టినరోజు కార్డు, పోయినవాళ్ళకు శ్రద్ధాంజలి కార్డు. మా వైపు మనిషి పోయిన గంటకల్లా కార్డు గ్రూపుల్లో తిరగకపోతే చుట్టాలు నొచ్చుకుంటారు. ఆ పేజీకి కోడ్ రాసేది ఇద్దరు. గంగమణి కొడుకు రంజిత్, సింధూజ అనే అమ్మాయి.

ఆ రోజు ఉదయం ఆరింటికి ఫేస్‌బుక్‌లో, కొత్తగా తెరిచిన ఒక దొంగ ఖాతా నుంచి సింధూజ పేరు మీద శ్రద్ధాంజలి కార్డు పడింది. అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపులకు పాకింది. ముందు రాత్రి నుంచీ ఆ పిల్ల ఇంటికి రాలేదు. తల్లిదండ్రులు స్టేషన్‌కు ఉరికారు. కార్డు మీది అక్షరాల తీరు రంజిత్‌దని షాపు ఓనరు సాయిరాం గుర్తుపట్టాడు. ఎనిమిదింటికి రంజిత్‌ను రెంజల్‌లో ఇంట్లోనే పట్టుకున్నారు. పదకొండింటికి నిజాంసాగర్ కాలువ గట్టున సింధూజ స్కూటీ దొరికింది. డిక్కీలో ఆమె ఫోను. శవం కోసం వెతుకుతున్నారు.

బ్యాగు భుజానికి తగిలించుకుని, గంగమణిని కారెక్కించుకుని బోధన్ స్టేషన్‌కు బయలుదేరాను. ఉమారాణి తప్పు చేసి ఉండాలి దేవుడా అని దారి పొడుగునా మొక్కుకున్నాను. రంజిత్ కోసం మొక్కుకున్నానని అబద్ధం చెప్పను.

*

"ఏందే జ్యోతి," అంది ఉమారాణి, టేబుల్ మీది ఫైలు మూయకుండానే. "సంబంధాలు చూసుడు బంద్ వెట్టినవా?"

"నీకే ఒకటి చూద్దామని వచ్చిన."

పక్కనున్న కానిస్టేబుల్ రాజమల్లు దగ్గొచ్చినట్టు గోడవైపు తిరిగాడు. ఉమారాణి నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ బాగానే ఉంటుంది, అది ఇంకో మంట.

"పది నిమిషాలిస్త. నా ముందల్నే మాట్లాడు. నాలుగున్నరకు ప్రెస్ మీట్, అటునుంచటే కోర్టు."

రంజిత్ బక్కపలచని పిల్లవాడు. చెంప మీద వేళ్ళ అచ్చులేమీ లేవు. పట్టుకొచ్చినవాళ్ళ మీద ఉమారాణి చెయ్యి వేయనివ్వదని ఒప్పుకోక తప్పదు. వాడు నన్ను అడిగిన మొదటి మాట, "సింధూజ దొరికిందా అక్క?"

"దొరకలే. కార్డు చూసినవా?"

"చూపెట్టిండ్రు."

"నీదేనా?"

"రంగులు నావే. పసుపు బంగారం రంగు, చుట్టు మెరూన్ అంచు. నీడ ఎడమకు వంగుతది. అందరు కుడికి వేస్తరు, నేను ఎడమకు వేస్త. గని ఆ అక్షరం నాది కాదు."

ఉమారాణి పెన్ను టేబుల్ మీద కొట్టింది. "విన్నవా? రంగు వీనిదట, అంచు వీనిదట, నీడ వీనిదట. అక్షరం మాత్రం కాదట."

"నాకు తెల్వది, నువ్వు చెప్పు," అన్నాను రంజిత్‌తో. "ఈ అక్షరం ఎట్ల తయారైతది?"

వాడు బల్ల మీద వేలితో ఒక చదరం గీశాడు. "పేజీల కాన్వాస్ అని ఉంటదక్క. ఖాళీ పలక అనుకో. దాని మీద పేరు రాసేముందు కోడ్‌ల అన్ని చెప్పాలె. ఏ ఫాంటు, అంటే అక్షరం ఏ రూపుల ఉండాలె, ఎంత సైజు, లోపల ఏం రంగు, అంచు ఎంత మందం, నీడ ఎటు. అన్ని చెప్పినంకనే గీయమనాలె. గీసినంక అది అక్షరం కాదు, బొమ్మ. మల్ల రంగు మార్సుడు, ఫాంటు మార్సుడు ఉండది. తుడిచి మల్ల గీయాల్సిందే."

"నీ ఫాంటు ఏది?"

"గుండ్రటి ఫాంటు. హైదరాబాదోళ్ళు అది చూసే నన్ను పిలిచిండ్రు. కార్డు మీద ఉన్నది ఫోన్లల్ల వచ్చే మామూలు అక్షరం. నేనైతే గట్ల వదిలిపెడ్తనా?"

"ఈ తీరు అందరికి దొరుకుతదా?"

"లేదు. ఇంక బయటికి వదల్లే. ట్రయల్ పేజీల ఉంది. దాని అడ్రసు తెల్సింది నాకు, సింధూజకు, సాయిరాం అన్నకు."

"నిన్న ఆమెతోని ఎందుకు కొట్లాడినవ్?"

రంజిత్ తల వంచుకున్నాడు. "నేను కొట్లాడలే. ఆమె కొట్లాడింది. కాన్వాస్ అంటే ఏందో నాకు నేర్పిందే సింధూజ. కంపెనీ వాళ్ళు నన్నొక్కన్నే రమ్మన్నరు. నేర్పింది నేను, పేరు నీదా అన్నది. నేనేం అనలే. అనకపోతే ఇంక కోపమొచ్చింది. నౌకరీ వద్దని చెప్త అన్న. భిక్షమేస్తున్నవా అని బ్యాగ్ తీస్కొని పోయింది."

నేర్పింది నేను, పేరు నీదా. ఆ మాట సూదిలా నాకే గుచ్చుకుంది. ఉమారాణి వైపు చూడకుండా ఉండడానికి బ్యాగు జిప్పు రెండుసార్లు తీసి పెట్టాను.

"విన్నవ్ గద," అంది ఉమారాణి వాడిని లోపలికి పంపించాక. "కొట్లాట ఉంది, కార్డు ఉంది, స్కూటీ ఉంది. ఇంకేం కావాలె?"

"శవం."

"దొరుకుతది."

"వాడే చంపితే తన బంగారు అక్షరమే పెట్టి, ఇగో నేనే చంపినా అని ఊరంత చాటుకుంటడా?"

"కోపమొచ్చినోనికి తెలివి ఉంటదా?" కుర్చీలోంచి లేచింది. "జ్యోతి, ఒక మాట చెప్తా, ఏమనుకోకు. నువ్వు ఆ పోరన్ని విడిపియ్యనీకి రాలే. నన్ను తప్పు పట్టనీకి వచ్చినవ్."

నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చేంత కోపం ఇంకెవరి మీదా రాదు. బయటికి వచ్చేశాను. గంగమణి స్టేషన్ అరుగు మీద కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

*

సాయిరాం షాపు శక్కర్‌నగర్ రోడ్డులో, ఫోన్ల షాపు మీది అంతస్తులో ఉంది. ముప్ఫై అయిదేళ్ళవాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాద మాట. మంచినీళ్ళిచ్చాడు.

"పొద్దటి సంది సింధూజ కోసం తిరిగి తిరిగి ఇప్పుడే షాపు తీసిన మేడం. చేతులు ఆడుతలెవ్వు."

"రంజిత్ మంచోడేనా?"

"మంచోడనే అనుకున్న." గ్లాసు తీసుకుని తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. "సింధూజ ఎప్పుడు వాని ముచ్చటనే. రంజిత్ గిట్ల చేసిండు, రంజిత్ గట్ల చేసిండు. షాపు నాది, జీతం నాది. నా ముచ్చట ఎన్నడన్న తీసిందా అంటే, లేదు."

ఓనరన్నాక ఆ మాత్రం ఉక్రోషం ఉంటుందిలే అనుకున్నాను. సింధూజ కుర్చీ, రంజిత్ కుర్చీ పక్కపక్కనే ఉన్నాయి. ఇద్దరి సిస్టంలూ చూశాను. సాయిరాం ట్రయల్ పేజీ తెరిచి ఒక పేరు కొట్టాడు. రంజిత్ చెప్పినట్టే గుండ్రటి బంగారు అక్షరం తెర మీద మెరిసింది. నిజంగానే అందంగా ఉంది. ఏ తల్లి చూసినా ఇంట్లో పటం కట్టించుకుంటుంది.

"ఆ అడ్రసు నాకు పెట్టండి," అన్నాను. నా ఫోనులో తెరిచి శ్రద్ధాంజలి నొక్కాను. ఏ పేరు కొట్టాలా అనుకుంటుండగానే వేళ్ళు వాటంతటవే ఉమారాణి అని కొట్టేశాయి.

కార్డు వచ్చింది. రంగు బంగారమే. అంచు మెరూనే. నీడ ఎడమకే. అక్షరం మాత్రం నా ఫోనులో మెసేజీలకు వచ్చే మామూలు అక్షరం.

"ఇదేంది?" అన్నాడు సాయిరాం, నా భుజం మీదుగా తొంగి చూస్తూ. "మాకెన్నడు గిట్ల రాలే."

మళ్ళీ నొక్కాను. ఈసారి గుండ్రటి బంగారు అక్షరం వచ్చింది. మూడోసారీ అదే. సాయిరాం ఫోను అడిగి తీసుకుని చూశాను. మొదటిసారికే బంగారు అక్షరం. ఆ ఫోనులో అతను ఆ పేజీని రోజూ తెరుస్తున్నాడు.

కిందికి దిగి ఫోన్ల షాపులో కొత్త ఫోనొకటి చూపించమన్నాను. కొనే మొహమేనని నమ్మి షాపతను డబ్బాలోంచి తీసిచ్చాడు. అందులోనూ మొదటిసారి మామూలు అక్షరం, రెండోసారి బంగారు అక్షరం.

ఇంక ఊహించడానికేముంది? సింధూజ శ్రద్ధాంజలి కార్డు, ఆ పేజీని అంతకు ముందెన్నడూ తెరవని ఫోనులో తయారైంది. అడ్రసు తెలిసిన ముగ్గురూ ఆ పేజీని రోజూ చూసేవాళ్ళే. అంటే ముగ్గురిలో ఒకరి చేతిలో కొత్త ఫోనుంది. సొంత ఫోను వాడితే దొరికిపోతామని భయపడిన మనిషి.

రంజిత్ తన అక్షరాన్ని తన మెడకే కట్టుకోడు. మరి వాడి పేరు మోసిన అక్షరంతోనే వాడిని బజారుకీడ్చాలని ఎవరికుంటుంది? నేర్పింది నేను, పేరు నీదా అన్న పిల్లకే. ఇది చదువుకుంటే వచ్చే తెలివి కాదు. ఉమారాణి ఫొటో పేపర్లో చూసినప్పుడల్లా, ఆ ఫొటోయే ఆమె పరువు తీస్తే ఎంత బాగుంటుందని ఎన్నిసార్లు అనుకోలేదు నేను? కుళ్ళిన కడుపుకే ఇంకో కుళ్ళిన కడుపు సంగతి తెలుస్తుంది.

"పై అంతస్తు షాపుల పనిచేసే సింధూజ ఈ మధ్య మీ కాడ ఫోను కొన్నదా?" అని ఫోన్ల షాపతన్ని అడిగాను.

"మొన్ననే తీస్కపోయింది మేడం. ఒక దోస్తును తోలుకొచ్చింది. సిమ్ము ఆ పిల్ల పేరు మీదనే తీస్కున్నరు. సౌందర్య అని, చందూర్ పిల్ల."

"పోలీసోళ్ళకు చెప్పలేదా?"

"వాళ్ళు అడగలేదు గదా," అన్నాడతను.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం చెబితే సిగ్గుచేటు. చందూర్ దాకా కారు నేను తోలలేదు, అదే ఎగిరింది.

*

సౌందర్య ఇల్లు చివరి గల్లీలో ఉంది. ముసలి నాయనమ్మ సత్తవ్వ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. లోపల ఎవరూ లేరంది. లేరని చెబుతూనే మధ్య గది వైపు చూసింది. నేను తిన్నగా వెళ్ళి తలుపు నెట్టాను.

గోడకానుకుని ఒక అమ్మాయి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి. చేతిలో కొత్త ఫోను.

"నీ శ్రద్ధాంజలి కార్డు చూసిన సింధూజా," అన్నాను. "మంచిగుంది. అక్షరం ఒక్కటే కుదరలే."

ఆ పిల్ల దాచలేదు. దాచే ఓపిక అయిపోయినట్టుంది.

"ఫాంటు దిగకముందే గీసేసింది అక్క. కొత్త ఫోన్ల ఫాంటు ఉండది గద, నెట్ల నుంచి దిగాలె. దిగేదాక ఆగమని కోడ్‌ల రాయాలె. రంజిత్ రాయలే. మా సిస్టంలల్ల ఫాంటు ముందే ఉన్నది కాబట్టి వానికి ఆ తప్పు ఎన్నడు కనబడలే."

"నీకెట్ల తెల్సు?"

"నెల కింద మా చెల్లె ఫోన్ల చూసిన." తలెత్తి నా కళ్ళలోకి చూసింది. "చెప్పలే వానికి. కంపెనీ వాళ్ళు చూసే రోజు గిట్లనే రావాలె, నలుగుట్ల నవ్వులపాలు కావాలె అనుకున్న. రాలే. వాళ్ళ ముంగట మంచిగనే వచ్చింది. వాన్నే తీస్కున్నరు."

"అందుకని చచ్చినట్టు నాటకమాడినవా?"

"ఒక్క దినం. ఒక్క దినం పోలీసోళ్ళు వాన్ని కూసోబెట్టి అడిగితే చాలనుకున్న. రేపు పొద్దుగాల ఇంటికి పోయి, అలిగి దోస్తు ఇంటికాడ ఉన్న అని చెప్దామనుకున్న. కార్డుల మామూలు అక్షరం వచ్చింది నేను చూసినక్క. మల్ల నొక్కితే మంచిగొచ్చేది. నొక్కలే. రంజిత్ చూస్తే తనది కాదని చెప్తడు, విడిచిపెడ్తరు అనుకున్న."

"చెప్పిండు. ఎవలు వినలే. సాయంత్రం కోర్టుకు తోలుకపోతున్నరు. వాళ్ళమ్మ స్టేషన్ కాడ అన్నం నీళ్ళు లేక కూసున్నది."

ఆ పిల్ల ముఖం చేతుల్లో దాచుకుంది. జాలి వేసింది నాకు. నిజంగానే జాలి వేసింది. కానీ నా చెయ్యి అప్పటికే ఫోను మీదుంది. ఉమారాణి నంబరు నొక్కితే చాలు. సింధూజ బతికుందని రెండు ముక్కలు చెబితే రంజిత్ అక్కడికక్కడ బయటికొస్తాడు. టైం చూశాను. ప్రెస్ మీట్‌కు అందుకోవచ్చు. నిందితుణ్ణి పక్కన నిలబెట్టుకుని ఉమారాణి మైకుల ముందు మాట్లాడుతుండగా, చచ్చిన పిల్లను చెయ్యి పట్టుకుని నేను నడిపించుకు వస్తే?

ఫోను బ్యాగులో పడేశాను.

"లే. మొఖం కడుక్కో. నాతోని స్టేషన్‌కు వస్తున్నవ్."

"అక్క, సౌందర్య ఇంక రాలే," అంది సింధూజ కారెక్కుతూ. "పొద్దుగాల నా నీల కోటేసుకొని, మొఖానికి చున్నీ కట్టుకొని నా బండి తీస్కపోయింది. ఎవలన్న చూస్తే నేనే అనుకోవాలెనని. పదింటికి ఫోన్ చేసింది. బండి కాలువ కాడ పెట్టిన, బస్సెక్కుతున్న అన్నది. అటెన్కల ఎత్తుతలేదు."

"చార్జింగ్ అయిపోయుంటది," అన్నాను. నా బుర్రలో అప్పుడు మైకులు తప్ప ఇంకేమీ లేవు.

*

స్టేషన్ ఆవరణ జనంతో నిండి ఉంది. యూట్యూబ్ ఛానళ్ళ వాళ్ళు ఫోన్లు పైకెత్తి లైవ్ ఇస్తున్నారు. మైకుల వెనుక ఉమారాణి. ఆమె పక్కన ముఖానికి ముసుగుతో రంజిత్. సాక్షిగా పిలిపించిన సాయిరాం ఓ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గంగమణిని మెట్ల దగ్గర ఆడ కానిస్టేబుల్ పట్టుకుని ఉంది.

"నిందితుడు ఈర్ష్యతోని..." అంటోంది ఉమారాణి.

నేను కారు తలుపు తెరిచాను. సింధూజ దిగింది. ముందు ఎవరో ఒకరు గుర్తుపట్టారు, తర్వాత ఒక్కసారిగా గోల లేచింది. కెమెరాలన్నీ మా వైపు తిరిగాయి. నేను మాత్రం ఒక్క ముఖమే చూశాను. ఉమారాణి నోట్లో మాట ఆగిపోయింది. పన్నెండేళ్ళ కడుపుమంట చల్లారిన క్షణం అది. చల్లటి మజ్జిగ తాగినట్టుంది నాకు.

"సీఐ మేడం చంపించిన పిల్లను నేను బతికించుకొచ్చిన," అన్నాను అన్ని ఫోన్లకూ వినబడేటట్టు.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మైకు పక్కకు జరిపి మెట్లు దిగి వచ్చి, సింధూజ గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది. "అన్నం తిన్నవా బిడ్డా?" అని అడిగింది. తర్వాత వెనక్కి తిరిగి రంజిత్ ముసుగు తనే తీసింది. "తప్పైంది నాయనా. ఇంటికి పో. అమ్మను తోలుకపో. సంతకాలు రేపు పెడుదువు." అక్కడ కూడా మార్కులు ఆమెకే పడ్డాయి. గంగమణి కొడుకును కావలించుకుని, వాడి తల నిమురుతూ, జనం మధ్యలోంచి గేటు వైపు నడిపించుకుపోయింది. రంజిత్ వెనక్కి తిరిగి సింధూజను చూశాడు. సింధూజ చూడలేకపోయింది.

నేను ఇంటర్వ్యూలు ఇవ్వడం మొదలుపెట్టాను. మూడో ఛానల్‌తో మాట్లాడుతుండగా రాజమల్లు ఉరుక్కుంటూ వచ్చి ఉమారాణి చేతిలో ఫోను పెట్టాడు. ఆమె చూసింది. నన్నూ సింధూజనూ లోపలికి రమ్మని సైగ చేసింది.

"కాలువ తూము కాడ ఆడపిల్ల శవం దొరికింది," అంది తలుపు వేసి. "చున్నీతోనే మెడ బిగించిండ్రు. నీల కోటు."

సింధూజ ఆ ఫోను వైపు చూసి గోడ పట్టుకుని కిందికి జారిపోయింది. "సౌందర్య," అంది. ఆ తర్వాత ఆమె గొంతులోంచి వచ్చింది ఏడుపో ఏమిటో నాకు తెలియదు. చార్జింగ్ అయిపోయుంటుందని నేనన్న మాట నాకే వినబడుతోంది.

ఉమారాణి నన్ను తిట్టలేదు. సౌందర్య వేసుకున్న బట్టల సంగతి, పదింటి ఫోను సంగతి నాతో చెప్పించుకుంది. "మొఖానికి చున్నీ కట్టుకున్న పిల్లను ఎన్కనుంచి పట్టుకున్నడు. సింధూజ అనుకొనే చంపిండు. అప్పటికే ఊరంత ఆమె చచ్చిందనుకుంటున్నరు, ఆ నేరం కింద రంజిత్ లాకప్‌ల ఉన్నడు. ఇగ చంపితే అడిగేటోడెవడు?"

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు వానికి ఈ పిల్ల బతికే ఉన్నదని తెల్సింది. నువ్వు లైవ్‌ల చూపెట్టినవ్."

బయట తిరుగుతున్న ఛానల్ వాళ్ళలో ఒకరి ఫోను తెప్పించి ఆమె ఆ లైవ్ మళ్ళీ వేసింది. కారు తలుపు తెరుచుకుంది. సింధూజ దిగింది. జనమంతా ఒక్క అడుగు ముందుకేశారు, కొందరు పరుగెత్తారు. ఉమారాణి వేలు తెర మీద ఒక మూల ఆగింది.

"చూడు జ్యోతి. అప్పటికి శవం దొరకలే. చచ్చిందని అందరు అనుకుంటున్నరు గని పక్కాగ ఎవలకు తెల్వది. బతికొచ్చిందంటే ఎవలైనా ముందుకే ఉరుకుతరు. ఈయనొక్కడు ఎన్కకు పోయిండు. ఈమె బతికి రాదని ఈయనకు పక్కా తెల్సు."

చేతులు కట్టుకుని నిలబడ్డ సాయిరాం, తెర మీద, గోడ దాకా వెనక్కి నడుస్తున్నాడు. సింధూజ ఎప్పుడూ వాడి ముచ్చటే, నా ముచ్చట ఎన్నడూ తీయలేదు అన్న మనిషి. నా ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఆ మాటలోని కుళ్ళును పోల్చుకోవలసింది నేనే. ఆ సమయంలో నేను ఉమారాణి ముఖం తప్ప ఇంకే ముఖమూ చూడలేదు.

"సాయిరాం ఏడి?" అంది ఉమారాణి తలుపు తీసి.

రాజమల్లు తెల్లమొహం వేశాడు. "ఇప్పుడే పోయిండు మేడం. రంజిత్ వాళ్ళమ్మకు కళ్ళు తిరుగుతున్నయంటే, ఇంటికాడ దింపుత అని తల్లిని కొడుకును కార్ల ఎక్కించుకున్నడు."

ఉమారాణి జీపు వైపు పరుగెత్తింది. సాయిరాం కడుపుమంటకు అసలు కారణమైన పిల్లవాడు ఇప్పుడు అతని కారులోనే ఉన్నాడు. గంగమణి నంబరుకు కొట్టాను. రెండో రింగుకే ఎత్తారు.

"చెప్పండ్రి మేడం," అన్నాడు సాయిరాం.